మాత్రల పెట్టెలో మడత కాగితం

ఇంట్లో ఏదైనా మందుల పెట్టె ఉంటే ఒకసారి తెరిచి చూడండి. మాత్రల అట్టతో పాటు ఎన్నో మడతలు పెట్టిన పల్చటి కాగితం ఒకటి బయటికి వస్తుంది. దాని మీద చీమ తలంత అక్షరాలు బారులు తీరి ఉంటాయి. మందు దేనికి వాడాలి, ఎవరు వాడకూడదు, ఏ దుష్ఫలితాలు కనిపించవచ్చు అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. చాలామంది దాన్ని చదవకుండానే పారేస్తారు. తిరిగి మడత పెడదామంటే అది మొదటి మడతల్లోకి రాదు కూడా!

ఈ కాగితం ఎవరి కోసం రాస్తారు? మందు మింగేవారి కోసమే అని మీరనుకోవచ్చు. నిన్న మొన్నటి దాకా అలా కాదు. అది డాక్టరు కోసం, మందుల షాపు వారి కోసం రాసిన కాగితం. అమెరికాలో 1968లో ఉబ్బసానికి పీల్చే ఒక మందు మీద రోగిని ఉద్దేశించి చిన్న హెచ్చరిక ముద్రించారు. డాక్టరు చీటీ మీద ఇచ్చే మాత్రలకు మాత్రం, మింగే మనిషి చదువుకోవడానికంటూ కాగితం జత చేయడం 1970లో మొదలయింది. ఆ మాత్ర క్షయకో గుండె జబ్బుకో వాడేది కాదు, అసలు జబ్బే లేనివారు వాడే గర్భనిరోధక మాత్ర.

కంపెనీలు తమంతట తాము ఈ కాగితాన్ని ఇవ్వలేదు. డాక్టర్ల సంఘం వద్దంది. ప్రభుత్వం ఒక అడుగు ముందుకు వేసి రెండడుగులు వెనక్కి వేసింది. అడిగిన ప్రశ్నకు డాక్టరు సరిగా జవాబు చెప్పకపోతే కలిగే కోపం మీకు తెలిసే ఉంటుంది. అలాంటి కోపం వచ్చిన కొందరు మామూలు స్త్రీలు ఈ కాగితాన్ని సాధించుకున్నారు.

మాత్ర పుట్టుక

మాత్ర పనిచేసే తీరు ముందుగా చెప్పుకుందాం. గర్భం దాల్చిన స్త్రీలో ప్రొజెస్టరాన్ అనే హార్మోను ఎక్కువగా ఉంటుంది. అది మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథిని అదుపులో పెట్టి, అండాశయం నుంచి కొత్త అండం విడుదల కాకుండా ఆపుతుంది. గర్భం లేని స్త్రీకి ఇదే హార్మోనును బయటి నుంచి ఇస్తే శరీరం మోసపోతుంది, అండం విడుదల కాదు. కుందేళ్ల మీద ఈ విషయం 1937లోనే రుజువయింది. అయితే సహజమైన ప్రొజెస్టరాన్ నోటి ద్వారా తీసుకుంటే సరిగా పనిచేయదు. మెక్సికోలో అడవి దుంపల నుంచి హార్మోన్లు తయారుచేసే పద్ధతి దొరికాక ఈ చిక్కు విడిపోయింది. నోటి ద్వారా పనిచేసే కృత్రిమ హార్మోన్లను 1951లో మెక్సికో నగరంలోను, ఆ తరవాత కొద్ది కాలానికే అమెరికాలోని సెర్ల్ కంపెనీలోను తయారు చేశారు.

కుటుంబ నియంత్రణ ఉద్యమ నాయకురాలు మార్గరెట్ సాంగర్ అమెరికా శాస్త్రజ్ఞుడు గ్రెగరీ పింకస్‌ను మాత్ర తయారు చేయమని పురికొల్పింది. అందుకు కావలసిన డబ్బు క్యాథరిన్ మెకార్మిక్ అనే సంపన్నురాలు ఇచ్చింది. ఈవిడ 1904లోనే మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జీవశాస్త్రం చదివి పట్టా పుచ్చుకున్న మనిషి. అంటే మాత్ర కావాలని అడిగినదీ, డబ్బు పెట్టినదీ ఆడవాళ్లే. ఈ సంగతి గుర్తుంచుకోండి. తరవాత జరిగిన గొడవను మాత్ర మీద వ్యతిరేకతగా పొరబడకుండా ఉండడానికి ఇది పనికివస్తుంది.

పింకస్ పనిచేస్తున్న మసాచుసెట్స్ రాష్ట్రంలో గర్భనిరోధక సాధనాలు పంచడం నేరం. అందుకని 1954లో డాక్టర్ జాన్ రాక్ తన ఆసుపత్రిలో 50 మంది స్త్రీల మీద చేసిన మొదటి పరీక్షను సంతానలేమికి చికిత్స అన్న పేరుతో చేయవలసి వచ్చింది. పెద్ద పరీక్షకు మరో చోటు కావాలి. అమెరికా ఏలుబడిలో ఉన్న పోర్టోరికో దీవిలో అలాంటి నిషేధం లేదు. జనసాంద్రత ఎక్కువ, పేదరికం ఎక్కువ, పిల్లలు చాలనుకునే తల్లులూ ఎక్కువ. 1956 ఏప్రిల్‌లో రియో పియెద్రాస్ అనే చోట కొత్తగా కట్టిన ప్రభుత్వ గృహ సముదాయంలో మాత్రలు పంచడం మొదలుపెట్టారు.

"అదంతా మీ మనసులోనే ఉంది"

అక్కడ పరీక్షను దగ్గరుండి నడిపినది ఎడ్రిస్ రైస్-రే అనే డాక్టరు. మొదటి ఏడాది 221 మంది స్త్రీలను పరిశీలించి ఆవిడ నివేదిక రాసింది. మాత్రను సరిగా వేసుకున్న వారిలో గర్భం రాలేదు, ఆ విషయంలో నూటికి నూరు పాళ్లూ విజయమే. కాని నూటికి 17 మంది తల తిరగడం, వాంతులు, తలనొప్పి, కడుపు నొప్పి అంటూ వచ్చారు. ఇన్ని బాధలు పెట్టే మాత్ర సామాన్య వాడకానికి పనికిరాదని ఆమె స్పష్టంగా రాసింది.

రాక్, పింకస్ ఈ మాటను పట్టించుకోలేదు. బాధలు ఎక్కువగా మానసికమైనవేనని వారు తీర్మానించారు. పింకస్ ఒక చిన్న పరీక్ష కూడా చేశాడు. కొందరు స్త్రీలకు మందు లేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి, వీటివల్ల వికారం రావచ్చు సుమా అని హెచ్చరించాడు. వారిలోనూ వికారం అన్నవారు కనిపించారు. ఇంకేం, బాధ మాత్రలో లేదు, హెచ్చరికలో ఉందన్న మాట!

ఇక్కడ కాస్త ఆగుదాం. పింకస్ చూసింది పూర్తిగా తప్పు కాదు. మేలు చేస్తుందన్న నమ్మకంతో ఉత్తుత్తి మాత్ర కూడా ఉపశమనం ఇస్తుందని, దాన్ని ప్లాసిబో ప్రభావం అంటారని మీరు చదివే ఉంటారు. దీనికి బొమ్మా బొరుసూ ఉన్నాయి. కీడు చేస్తుందని భయపెడితే బాధలు నిజంగానే పుట్టవచ్చు. దీన్ని నోసిబో ప్రభావం అంటారు. ఇది నేటికీ ఎవరూ కాదనని శాస్త్రసత్యం. అయితే హెచ్చరిస్తే కొందరికి బాధలు కలుగుతాయి కాబట్టి బాధలన్నీ హెచ్చరిక వల్లే కలిగాయనడం తర్కం కాదు. కనక ఎవరినీ హెచ్చరించకూడదనడం అంతకంటే తప్పు. పైగా ఆ మొదటి మాత్రలో ఉన్న హార్మోను ఎంత? ప్రొజెస్టరాన్ వంటి పదార్థం 10 మిల్లీగ్రాములు, ఈస్ట్రొజన్ జాతికి చెందిన మెస్ట్రనాల్ 150 మైక్రోగ్రాములు. ఈ మెస్ట్రనాల్ మొదట్లో మలినంగా చేరింది. దాన్ని తీసేస్తే నెల మధ్యలో రక్తస్రావం అయింది, అందుకని కొలత ప్రకారం మళ్లీ కలిపారు. నేడు మన ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ మాత్రలో ఈస్ట్రొజన్ 30 మైక్రోగ్రాములు. ఆనాడు వాంతి చేసుకున్న పోర్టోరికో తల్లి తన మనసుతో చేసుకోలేదు.

ఈ "మానసికం" అన్న మాట అక్కడితో ఆగలేదు. 1957లో ఈ మాత్ర ఎనోవిడ్ పేరుతో నెలసరి బాధల కోసం అమెరికా మార్కెట్లోకి వచ్చింది. దాని మీద ఇది అండం విడుదలను ఆపుతుందన్న హెచ్చరిక ఉండేది. ఆ హెచ్చరికే ప్రకటనగా పనిచేసింది. రెండేళ్లలో సుమారు అయిదు లక్షల మంది అమెరికా స్త్రీలకు ఉన్నట్టుండి నెలసరి బాధలు వచ్చిపడ్డాయి! 1960లో ఎఫ్.డి.ఎ. అని పిలిచే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని గర్భనిరోధకంగా అనుమతించింది. 1965 నాటికి అక్కడ 60 లక్షల మందికి పైగా ఈ మాత్రలు వాడుతున్నారు. అన్నీ డాక్టరు చీటీ మీదే. జబ్బు లేని లక్షలాది స్త్రీలు ప్రతి రోజూ, ఏళ్ల తరబడి మింగే మందు అంతకు ముందు ఎన్నడూ లేదు. కాని డాక్టర్ల గదిలో సంభాషణ పాత పద్ధతిలోనే సాగింది. తలనొప్పి అంటే సర్దుకుంటుందన్నారు. కాలి పిక్క వాచిందంటే ఎక్కువసేపు నిలబడ్డారేమో అన్నారు. దిగులుగా ఉందంటే, దానికి మరో మాత్ర రాసిచ్చారు.

ఒక ఉత్తరం, ఒక లెక్క

1961 నవంబరులో లండన్ వైద్య పత్రిక లాన్సెట్‌లో ఒక చిన్న ఉత్తరం అచ్చయింది. రాసినది ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతంలో పల్లె వైద్యం చేసుకునే జోర్డన్ అనే డాక్టరు. ఎనోవిడ్ వాడుతున్న 40 ఏళ్ల నర్సుకు ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందని, దీనికీ మాత్రకూ సంబంధం ఉందేమోనని ఆయన అనుమానం. పెద్ద పరిశోధనశాల లేదు, గ్రాంటు లేదు. రోగి చెప్పింది వినడం, రాసిపెట్టడం అంతే. 1962 నాటికి అమెరికాలో ఇలాంటి కేసులు 132 నమోదయ్యాయి, వారిలో 11 మంది చనిపోయారు. కంపెనీ నిపుణులను పిలిచి సమావేశం పెట్టింది. మాత్రే కారణమని రుజువు లేదని సమావేశం తేల్చింది.

నిజానికి అప్పటికి రుజువు లేని మాట వాస్తవమే. రక్తం గడ్డలు మాత్ర వాడని స్త్రీలకూ వస్తాయి. లక్షలమంది మాత్ర వాడుతుంటే వారిలో కొందరికి కాకతాళీయంగానైనా గడ్డలు వచ్చి తీరాలి. మరి ఎలా తేల్చడం? మార్టిన్ వెస్సీ, రిచర్డ్ డాల్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు తేల్చారు. ఈ డాల్, పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సరుకూ ఉన్న సంబంధాన్ని 1950లో బయటపెట్టిన ఇద్దరిలో ఒకరు. పద్ధతి ఒకటే. కాళ్లలో గాని ఊపిరితిత్తుల్లో గాని గడ్డలతో లండన్ ఆసుపత్రుల్లో చేరిన 58 మంది వివాహిత స్త్రీలను తీసుకున్నారు. వీరిలో ఒక్కొక్కరికి పోలికగా అదే వయసు, అదే సంఖ్యలో పిల్లలు ఉండి, వేరే జబ్బులతో ఆసుపత్రిలో చేరిన ఇద్దరిని ఎన్నుకున్నారు. వీరు 116 మంది. అందరినీ ఒకే ప్రశ్న అడిగారు. జబ్బు చేయడానికి ముందు నెలలో మాత్ర వాడుతున్నారా?

గడ్డలు వచ్చిన 58 మందిలో 26 మంది అవునన్నారు. మిగతా 116 మందిలో అవునన్న వారు 10 మంది మాత్రమే. పుస్తకం మూసి లెక్క మీరే వేయండి. మొదటి గుంపులో వాడినవారికీ వాడనివారికీ నిష్పత్తి 26:32, రెండో గుంపులో 10:106. మొదటి దాన్ని రెండో దానితో భాగిస్తే ఎనిమిదిన్నర దాటుతుంది. 1968లో ఈ వ్యాసం అచ్చయ్యాక కాకతాళీయం అనే వాదన నిలబడలేదు. ఈస్ట్రొజన్ వల్ల కాలేయం రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను ఎక్కువగాను, గడ్డకట్టకుండా చూసే పదార్థాలను తక్కువగాను తయారు చేస్తుందని నేడు మనకు తెలుసు. ఈస్ట్రొజన్ మోతాదు పెరిగితే ముప్పు పెరుగుతుందని తేలగానే, 1969 డిసెంబరులో బ్రిటన్ సంఘం 50 మైక్రోగ్రాములకు మించిన మాత్రలు రాయవద్దని డాక్టర్లకు సలహా ఇచ్చింది. అలాంటి మాత్రలు అమెరికా మార్కెట్ నుంచి పూర్తిగా తొలగడానికి 1988 దాకా ఆగవలసి వచ్చింది!

సెనేటులో అరిచిన స్త్రీలు

ఈ లెక్కలన్నీ వైద్య పత్రికల్లో ఉన్నాయి. మాత్ర మింగే స్త్రీకి ఆ పత్రికలు అందవు. అందించే పని బార్బరా సీమన్ అనే పాత్రికేయురాలు తలకెత్తుకుంది. 1957లో ఆమెకు మొదటి బిడ్డ పుట్టినప్పుడు, తాను బిడ్డకు పాలిస్తానని చెప్పినా డాక్టరు వినిపించుకోక విరేచనాల మందు ఒకటి రాసిచ్చాడు. అది పాలద్వారా బిడ్డకు చేరి ప్రాణం మీదికి వచ్చింది. తరవాత ఆమె మహిళా పత్రికల్లో ఆరోగ్య శీర్షిక రాసేది. పాఠకుల నుంచి వచ్చే ఉత్తరాల్లో మాత్ర బాధలు, వాటిని కొట్టిపారేసే డాక్టర్ల కథలు గుట్టలు పడ్డాయి. ఆమె ఊరుకోలేదు. పరిశోధకులను, మాత్ర మీద అనుమానం ఉన్న డాక్టర్లను కలిసి, కాగితాలు సేకరించి 1969లో ఒక పుస్తకం వేసింది. దాని పేరుకు తెలుగు చెప్పుకోవాలంటే "మాత్రకు వ్యతిరేకంగా డాక్టర్ల వాదన". పేరులోనే డాక్టర్లు ఉన్నారు. పాఠకులు నమ్మాలంటే ఆ రోజుల్లో అది తప్పదు మరి.

ఆ పుస్తకం చదివిన సెనేటరు గేలార్డ్ నెల్సన్ 1970 జనవరి 14న బహిరంగ విచారణ మొదలుపెట్టాడు. అదే సంవత్సరం ఏప్రిల్ 22న ధరిత్రీ దినాన్ని ప్రారంభించిన నెల్సన్ ఈయనే. విచారణకు డాక్టర్లు వచ్చారు, శాస్త్రజ్ఞులు వచ్చారు. మాత్ర మింగే స్త్రీని మాత్రం ఒక్కరినీ సాక్షిగా పిలవలేదు.

ప్రేక్షకుల వరసల్లో ఆలిస్ వుల్ఫ్‌సన్, ఆమె మిత్రులు కూర్చుని ఉన్నారు. అందరూ మాత్ర వాడి బాధలు పడ్డవారే. గడ్డల సంగతి, గుండెపోటు సంగతి సాక్షులు ఒక్కొక్కటే చెబుతుంటే, తమ డాక్టర్లు ఇందులో ఒక్క ముక్క కూడా తమతో అనలేదన్నది వారికి అక్కడే అర్థమయింది. లేచి నిలబడి ప్రశ్నలు వేశారు. మాత్ర వాడేవారిని ఎందుకు పిలవలేదు? మమ్మల్ని పరీక్షలకు వాడే జంతువుల్లా ఎందుకు చూశారు? మగవాళ్లకు మాత్ర ఎందుకు లేదు? టీవీ కెమెరాలు సాక్షుల మీద నుంచి వారి వైపు తిరిగాయి. ఆ రోజుల్లోనే న్యూస్‌వీక్ పత్రిక జరిపించిన సర్వేలో, మాత్ర వాడినవారిలో మూడింట రెండు వంతుల మంది తమ డాక్టరు ముప్పు గురించి ఎన్నడూ చెప్పలేదన్నారు.

ఒక పిట్టకథ. విచారణలో మొదటి రోజు మాత్రను గట్టిగా విమర్శించిన సాక్షి డాక్టర్ హ్యూ డేవిస్. గర్భాశయంలో పెట్టే డాల్కన్ షీల్డ్ అనే సాధనాన్ని తయారు చేసినది ఈయనే. అందులో ఆయనకు ఆర్థికమైన వాటా ఉంది. ఆ సాధనం 1971లో విస్తృతంగా మార్కెట్లోకి వచ్చి, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లకు కారణమై 1974లో అమెరికాలో అమ్మకాలు ఆగిపోయాయి. మాత్రను తిట్టినవాడల్లా ఆడవారి పక్షం అనుకోవడానికి వీల్లేదని ఇది చదివినప్పుడల్లా నాకు అనిపిస్తుంది.

600 మాటలు 100 అయిన వైనం

1970 మార్చిలో ఎఫ్.డి.ఎ. అధిపతి ప్రతి మాత్రల పెట్టెలో రోగి కోసం ఒక కాగితం పెట్టిస్తామని ప్రకటించాడు. మొదటి ముసాయిదాలో సుమారు 600 మాటలు ఉన్నాయి. గడ్డలు, ఇతర దుష్ఫలితాలు, ఎవరు వాడకూడదు, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి వగైరాలన్నీ మామూలు భాషలో రాశారు. అమెరికన్ వైద్య సంఘం భగ్గుమంది. రోగికి ఏది చెప్పాలో ఏది చెప్పకూడదో తేల్చుకోవలసినది డాక్టరనీ, కాగితం డాక్టరుకూ రోగికీ మధ్య అడ్డు వస్తుందనీ వాదించింది. మందుల కంపెనీలు వంత పాడాయి. కొద్ది వారాల్లో 600 మాటలు సుమారు 100 అయ్యాయి. మిగిలిన ముప్పుల్లో పేరు పెట్టి చెప్పింది రక్తం గడ్డల సంగతి ఒక్కటే. వివరాలు కావాలంటే మీ డాక్టరు దగ్గర పుస్తకం ఉంది, అడగండి అని చివర కలిపారు. అడిగితే చెప్పడం లేదన్నది కదా అసలు ఫిర్యాదు!

స్త్రీలు ఆరోగ్య శాఖ కార్యదర్శి కార్యాలయంలో బైఠాయించారు. అయినా ఆ 100 మాటలే 1970 జూన్‌లో ఖాయమయ్యాయి. పూర్తి వివరాల కాగితం 1978లో గాని రాలేదు. ఈ లోగా సీమన్, వుల్ఫ్‌సన్ మరి ముగ్గురితో కలిసి 1975లో స్త్రీల ఆరోగ్యం కోసం ఒక జాతీయ సంస్థ నెలకొల్పారు.

విచారణను తప్పుపట్టిన వారి మాట కూడా వినాలి. టీవీ వార్తలు చూసి ఎందరో స్త్రీలు మరో సాధనం చూసుకోకుండానే మాత్ర మానేశారు, గర్భాలు వచ్చాయి. ఆ పిల్లలకు "నెల్సన్ బిడ్డలు" అని పేరు పెట్టారు. పాతికేళ్ల తరవాత బ్రిటన్‌లో ఇదే మరింత పెద్ద ఎత్తున జరిగింది. 1995 అక్టోబరులో అక్కడి మందుల భద్రతా సంఘం కొత్త రకం మాత్రల వల్ల గడ్డల ముప్పు పాత మాత్రల కంటే రెట్టింపు అని ప్రకటించింది. డాక్టర్లకు ఉత్తరాలు చేరకముందే వార్త పత్రికలకూ టీవీకీ ఎక్కింది. రెట్టింపు! ఎంతకు రెట్టింపు? ఏడాదికి లక్ష మందిలో పాత మాత్రలతో సుమారు 15 మందికి గడ్డలు వస్తే, కొత్త వాటితో 30 మందికి. గర్భం దాల్చితే ఆ సంఖ్య 60. ఈ చివరి అంకె భయపడ్డవారిలో ఎందరికి చేరిందో గాని, మరుసటి ఏడాది ఇంగ్లండు, వేల్స్‌లలో గర్భస్రావాలు సుమారు 13,000 పెరిగాయని అంచనా. గర్భస్రావానికైనా ప్రసవానికైనా ముందు గర్భం వచ్చింది కదా, దానితో పాటే గడ్డల ముప్పూ పెరిగింది.

దీన్ని చూపించి, చెబితే ఇలాగే అవుతుంది, చెప్పకపోవడమే మేలు అనేవారు నేటికీ ఉన్నారు. నేనలా అనుకోను. ముందే ఆ కాగితంలో నాలుగు అంకెలూ పక్కపక్కన ఉండి, డాక్టరు వేలు పెట్టి చూపించి ఉంటే, "రెట్టింపు" అన్న ఒక్క మాటకు అంత బలం ఉండేది కాదు. ఇప్పటి మాత్రల సంగతి చెప్పాలంటే, ఎఫ్.డి.ఎ. లెక్క ప్రకారం ఏడాదికి పదివేల మందిలో మాత్ర వాడని, గర్భం లేని స్త్రీలలో 1 నుంచి 5 మందికి, మాత్ర వాడేవారిలో 3 నుంచి 9 మందికి, గర్భిణుల్లో 5 నుంచి 20 మందికి గడ్డలు వస్తాయి. ప్రసవం అయిన తొలి పన్నెండు వారాల్లో ఈ రేటు 40 నుంచి 65. పొగతాగే అలవాటు ఉండి 35 ఏళ్లు దాటిన వారికి, రక్తపోటు ఉన్నవారికి, కళ్ల ముందు మెరుపులతో వచ్చే పార్శ్వపు నొప్పి ఉన్నవారికి ఈస్ట్రొజన్ మాత్ర తగదు. మిగిలిన ఎక్కువ మందికి ముప్పు స్వల్పం. ఈ రెండు మాటలూ కలిపి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

పటాన్‌చెరు

ఇదంతా దూరదేశపు కథ అనుకోకండి. 1985లో హైదరాబాదుకు దగ్గరి పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షనును పరీక్షిస్తున్నారు. భారత వైద్య పరిశోధన మండలి చేపట్టిన పరీక్షల్లో అది భాగం. రెండు నెలలకొకసారి సూది వేయించుకుంటే గర్భం రాదు. హైదరాబాదుకు చెందిన స్త్రీ శక్తి సంఘటన సభ్యులు వెళ్లి చూస్తే, అక్కడికి వచ్చిన పేద స్త్రీలకు సూది వేస్తే పిల్లలు పుట్టరన్న సంగతి తెలుసు. ఇది పరీక్ష అన్న సంగతి, నెలసరి అస్తవ్యస్తం కావచ్చునన్న సంగతి తెలియదు. విషయం చెప్పాక చాలామంది సూది వద్దన్నారు.

మాత్రకూ సూదికీ ఒక తేడా ఉంది. మాత్ర పడకపోతే రేపు మానేయవచ్చు. ఒంట్లోకి ఎక్కిన సూది మందును వెనక్కి తీయలేం, రెండు నెలలు భరించవలసిందే. కనక ముందే చెప్పవలసిన అవసరం మరింత ఎక్కువ. స్త్రీ శక్తి సంఘటన, ఢిల్లీకి చెందిన సహేలి, మరికొందరు కలిసి 1986లో సుప్రీం కోర్టుకు వెళ్లారు. కేసు 2000 దాకా నడిచింది. కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో నెట్-ఎన్‌ను సామూహికంగా వాడడం మంచిది కాదని, సలహా ఇచ్చి తరవాత కనిపెట్టి ఉండగల సౌకర్యాలు ఉన్నచోటే వాడాలని ప్రభుత్వం ఒప్పుకోవడంతో అది ముగిసింది. 2017లో అంతర అనే పేరుతో ప్రభుత్వ ఆసుపత్రుల్లోకి వచ్చిన సూది వేరే మందు, మూడు నెలలకొకసారి వేసేది. అన్నట్టు, లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ తయారుచేయగా 1991లో మార్కెట్లోకి వచ్చిన, హార్మోను లేని వారపు మాత్ర పేరు కూడా సహేలే. ఆ సంస్థకూ ఈ మాత్రకూ పేరు కలవడం తప్ప సంబంధం లేదు.

అనువాదకుడిగా నాకు ఇక్కడ ఒక ఇబ్బంది ఎదురవుతూ ఉంటుంది. అన్ని విషయాలూ తెలుసుకుని ఇచ్చే ఒప్పుకోలుకు ఇంగ్లీషులో రెండే మాటలు. తెలుగులో "సమ్మతి" అని రాస్తే, ఆసుపత్రిలో అది వెంటనే సంతకంగానో వేలిముద్రగానో మారిపోతుంది. "తెలిసి ఒప్పుకోవడం" అని రాస్తే పొడుగయిందని సంపాదకులు కొట్టేస్తారు. మన మందుల పెట్టెల్లోని కాగితం సంగతి చెప్పనే అక్కరలేదు. ఎక్కువగా ఇంగ్లీషులో, డాక్టరును ఉద్దేశించినట్టే ఉంటుంది. మాలా-ఎన్ అట్టలో 28 మాత్రలుంటే వాటిలో 21 హార్మోనువి, 7 ఇనుము మాత్రలు. ఈ ఏడూ రక్తహీనత తగ్గడానికి, రోజూ మింగే అలవాటు తప్పకుండా ఉండడానికి. వాటిని మానేసినా గర్భం రాదని, హార్మోను మాత్ర మరిచిపోతే మాత్రం ఏం చేయాలో తెలిసి ఉండాలని చెప్పేది మన పల్లెల్లో చాలాచోట్ల ఆశా కార్యకర్తే.

2023 జులై 13న ఎఫ్.డి.ఎ. ఓపిల్ అనే రోజువారీ గర్భనిరోధక మాత్రను డాక్టరు చీటీ లేకుండా అమ్మడానికి అనుమతించింది. అమెరికాలో ఇలాంటి అనుమతి ఇదే మొదటిది. ఇందులో ఈస్ట్రొజన్ లేదు. మందు కొత్తది కాదు, 1973 నుంచి చీటీ మీద ఇస్తున్నదే. అనుమతి కోసం కంపెనీ ముఖ్యంగా రుజువు చేయవలసి వచ్చింది మందు పనితనాన్ని కాదు, పెట్టె మీది రాతను. ఆ రాత చదివి, తాను ఈ మాత్ర వాడవచ్చునో లేదో మామూలు స్త్రీ సరిగా తేల్చుకోగలదా? రొమ్ము క్యాన్సరు వచ్చిన వారు ఇది తమకు తగదని గ్రహిస్తారా? చదువు తక్కువ ఉన్నవారు, పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయిలు అర్థం చేసుకుంటారా? కాగితాన్ని వారి చేతికిచ్చి చదివించి, ప్రశ్నలు అడిగి జవాబులు రాసుకున్నారు. నిపుణుల సంఘంలో ఓటు వేసిన 17 మందీ అనుమతికి అనుకూలంగానే వేశారు. 2024 మార్చి నుంచి ఆ మాత్ర అమెరికా దుకాణాలకు చేరింది.